దగ్గరికి పోతే ఊరు కనపడదు

తమ్ముడు: నీ బడిపిల్లలు తీసిన ఫోటోలు చూశానక్కా. ఈగ కళ్ళు, తూనీగ రెక్క, గడ్డి మీద మంచుబొట్టు. బాగున్నాయి, కాదనను. కానీ వాటిలో ఏ ఒక్కటైనా మన క్యాతగానచెర్లులో తీసిందని చూసినోడికి తెలుస్తుందా? ఇక్కడ తీసినా, అమెరికాలో తీసినా ఆ ఈగ కన్ను అట్లే ఉంటుంది. వెనకంతా పచ్చగా మసక, మధ్యలో పురుగు ఒక్కటే. చేను లేదు, గట్టు లేదు, మనిషి లేడు. కెమెరా చేతబట్టిన మొదటిరోజే పిల్లోళ్ళకి ఊరిని చెరిపేయడం నేర్పిస్తున్నావు. నా తగాదా అదే.

అక్క: ఊరిని చెరిపింది పిల్లల ఫోన్లా? పావగడ సోలార్ పార్కు అని వెతికి చూడు. తిరుమణి, వల్లూరు, బాలసముద్రం, రాయచెర్లు, మన ఊరు. ఐదూళ్ళ భూములు కలిపి 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. 2018 మార్చిలో మొదటి విడత ప్రారంభించిన కాడినుంచి లోకం చూసినవి ఎక్కువగా డ్రోన్ ఫోటోలే. వరసగా నల్ల పలకలు, మధ్యలో దారి, యాడో ఒక గుట్ట. అందులో నీకు క్యాతగానచెర్లు కనపడిందా? పైనుంచి చూసినా మనం లేము, దూరంనుంచి చూసినా మనం లేము. కంచె వారన పల్లేరు పువ్వు మీద వాలిన చిన్న తేనెటీగను ఒక పిల్ల బోర్లా పడుకుని తీసిందనుకో, ఈ నేల మీద ఇంకా ఏదో ఒకటి బతుకుతోందని ఆ ఫోటో చెప్తుంది. డ్రోన్ చెప్పదు.

తమ్ముడు: పల్లేరు అమెరికాలో కూడా ఉంది.

అక్క: ఉంది. సైకిల్ టైర్లలో గుచ్చుకుంటుందని అక్కడోళ్ళు తిట్టుకుంటారు. సరే, ఆ మాట నీదే అనుకో.

తమ్ముడు: ఇంకోటి. ఇది ఫోన్‌తో ఆగే పిచ్చి కాదు. ముందు క్లిప్పు లెన్సు. తర్వాత కెమెరా, దానికి ఎక్స్‌టెన్షన్ ట్యూబులు. ఆ పైన 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు, ఫ్లాషు, ఫ్లాషుకి డిఫ్యూజరు, ఆఖరికి ముప్పై నలభై ఫోటోలు కలిపి ఒకటి చేసే సాఫ్ట్‌వేరు. ఎకరాకి ఏడాదికి 21,000 రూపాయల కౌలుతో మొదలుపెట్టి భూమి అప్పజెప్పిన ఊరు మనది. భూమే లేని కూలోళ్ళకి ఆ కౌలూ లేదు, చేలలో పనీ పోయింది. అట్లాంటి ఇంట్లో పిల్లోడు లెన్సు కావాలని మారాం చేస్తే సర్దిచెప్పేది ఎవరు?

అక్క: ఆ జాబితా అంగడోడిది, నాది కాదు. లీవెన్‌హుక్ అనే ఆయన డెల్ఫ్ట్ ఊరిలో బట్టల వ్యాపారి. గింజంత గాజులెన్సు ఒక్కటి పెట్టుకుని 1670లలో నీటిబొట్టులో కదిలే ప్రాణులను చూశాడు. పాడైన డీవీడీ ప్లేయర్ విప్పితే అట్లాంటి చిన్న లెన్సు దొరుకుతుంది. దాన్ని ఫోన్ కెమెరా మీద టేపుతో నిలబెడితే చీమ మీసాలు కనపడతాయి. ఎవరింట్లోనైనా పాత ఫిల్మ్ కెమెరా 50 మిల్లీమీటర్ల లెన్సు మూలపడి ఉంటే, మామూలు కెమెరా ముందు దాన్ని తిరగేసి పట్టుకుంటే చాలు. అదే మాక్రో. చౌక ఫోన్లలో మాక్రో అని ఒక 2 మెగాపిక్సెళ్ళ కెమెరా విడిగా పెట్టి అమ్ముతారు చూడు, దాన్ని నమ్ముకోవద్దు. ఫోన్‌లోని అసలు కెమెరా మీద క్లిప్పు లెన్సు పెట్టడమే నయం.

కష్టమంతా వేరే చోట ఉంది. పురుగు కెమెరా లోపల దాని అసలు సైజులోనే పడేంత దగ్గరికి పోయినప్పుడు, తేటగా కనపడే మందం ఇంచుమించు ఒక్క మిల్లీమీటరు. చీమ కన్ను కుదిరితే కాళ్ళు మసక, కాళ్ళు కుదిరితే కన్ను మసక. అందుకని తెర మీద వేలితో పొడుస్తూ కూర్చోకూడదు. ఫోకస్ లాక్ చేసి, మోచేతులు నేలకి ఆనించి, ఒళ్ళే కొంచెం ముందుకీ వెనక్కీ కదిలిస్తూ వరసగా తీసుకుపోవాలి. మన ఆషాఢం గాలిలో అదీ సాగదు. గాలి లేవకముందే, ఎండ ఎక్కకముందే చేనికాడ ఉండాలి. అప్పటికి పురుగులు చలికి బిగుసుకుని ఉంటాయి, తొందరగా ఎగరవు. మన నీడ వాటి మీద పడకూడదు. ఎండ మరీ కొడుతుంటే ఒక పల్చటి తెల్లకాగితం అడ్డం పెడితే వెలుతురు మెత్తబడుతుంది. ఇంతే నా పాఠం. ఇందులో అప్పుచేసి కొనాల్సింది ఏముంది?

తమ్ముడు: ఇన్ని చెప్పావు, ఆ పురుగు ఏం తిని బతుకుతుందో మటుకు ఒక్క ముక్క లేదు.

అక్క: అది రెండో పాఠం.

తమ్ముడు: రెండో పాఠానికి వచ్చేది ఎవరక్కా? ఫోటో బాగొచ్చింది, స్టేటస్‌లో పెట్టాడు, నూరుమంది మెచ్చుకున్నారు, అక్కడికి పురుగుతో పని అయిపోయింది. ఇంకా బాగా రావాలని పురుగును ఫ్రిజ్‌లో పెట్టి మత్తెక్కించేవాళ్ళు ఉన్నారు. గ్లిజరిన్ నీళ్ళు చల్లి మంచుబొట్టని చూపించేవాళ్ళు ఉన్నారు. అందం మీద మొదలైన పని అందం దగ్గరే ఆగిపోతుంది. రాబర్ట్ హుక్ కథ నువ్వే చెప్పావు కదా. 1665లో లండన్‌లో, మైక్రోస్కోపు కింద చూసినవి గీసి మైక్రోగ్రాఫియా అనే పుస్తకం అచ్చేశాడు. అందులో, జంతువుల ఒంటి మీద దూకులాడే ఆ రక్తం పీల్చే పురుగు బొమ్మ మడతలు విప్పి చూడాల్సినంత పెద్దది. వెంట్రుకతో సహా గీశాడు. చదువుకున్నోళ్ళంతా చూసి ముచ్చటపడ్డారు. అదే ఏడాది అదే లండన్‌లో ప్లేగు పడి జనం కుప్పలుగా చచ్చారు. అట్లాంటి పురుగే ప్లేగును ఎలుకనుంచి మోసుకొస్తుందని తేలింది ఎప్పుడు? 1898లో, కరాచీలో, పాల్-లూయీ సిమాండ్ అనే ఫ్రెంచి డాక్టరు చేతిలో. 230 ఏళ్ళకి పైగా బొమ్మ అందరి కళ్ళముందే ఉంది. అంత దగ్గరగా చూసి ఏం చూసినట్టు?

అక్క: సిమాండ్ ఎట్ల తేల్చాడో అది కూడా చెప్పు మరి. ప్లేగుతో చచ్చిన ఎలుకల మీది పురుగుల కడుపులో ఉన్నదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, అందులో ప్లేగు క్రిమిని చూసి. దగ్గరికి పోకుండా తేల్చలేదు.

తమ్ముడు: అంతకు ముందే ఆయన బుర్రలో ఎలుక ఉంది, ఇల్లు ఉంది, రోగి ఉన్నాడు. వాటన్నిటినీ కలుపుకుని పురుగు దగ్గరికి పోయాడు. హుక్ పురుగు ఒక్కదాని దగ్గరికే పోయాడు. నేననే తేడా అదీ.

(ఇక్కడ నా మాట ఒకటి. హుక్ మీద ఈ నింద కొంచెం అన్యాయమే. ప్లేగు క్రిమి వల్ల వస్తుందని ఆయన కాలానికి తేలలేదు. కానీ తమ్ముడు పట్టుకున్న తేడా మాత్రం ఉత్తిది కాదు.)

అక్క: సరే, మన చేలోకే వద్దాం. అలసంద తీగకి పేనుబంక పట్టినప్పుడు, దాని మధ్యలో బూడిదరంగు పురుగు ఒకటి తిరుగుతుంటుంది. పొడుగ్గా, ఆరు కాళ్ళతో, వీపు మీద నారింజ మచ్చలతో, చూడ్డానికి వికారంగా. మనోళ్ళు ఏం చేస్తారు? ఇదేదో కొత్త తెగులొచ్చిందని ఇంకో మూత మందు ఎక్కువ కలుపుతారు. అది అక్షింతల పురుగు పిల్ల. ఎర్రరెక్కల మీద నల్లచుక్కలున్న పెద్ద పురుగును అందరూ గుర్తుపడతారు. దాని పిల్లను గుర్తుపట్టేవాడు పదిమందిలో ఒకడు ఉంటే గొప్ప. నా తరగతిలో ఒక పిల్ల దాన్ని అందం కోసమే తీసింది. తెర మీద పెద్దది చేసి చూస్తే దాని నోట్లో పేనుబంక, కాళ్ళు ఇంకా ఆడుతూ. పిల్లలంతా ఒక్కసారి అరిచారు. మందు పేరు చెప్పకుండా, పుస్తకం తీయకుండా, మిత్రపురుగు అంటే ఏందో ఆ పూట తెలిసిపోయింది. అట్లే, కంబళిపురుగు ఒంటి మీద తెల్లగా బియ్యపుగింజల మాదిరి అంటుకుని ఉంటాయి కదా, వాటిని దాని గుడ్లనుకుంటారు. కాదు. దాని ఒళ్ళు లోపల తిని బయటికొచ్చిన చిన్న కందిరీగల గూళ్ళు అవి. ఆ కంబళిపురుగును చంపాల్సిన పనే లేదు, అది అప్పటికే చచ్చినట్టు లెక్క. రెండడుగుల దూరంనుంచి ఇవేవీ కనపడవు. ఇప్పుడు చెప్పు, అందం దగ్గరే ఆగిందా?

తమ్ముడు: ఆగలేదు. ఒప్పుకుంటా. కానీ ఆ రోజు నువ్వు పక్కన ఉన్నావు కాబట్టి ఆగలేదు. ఒంటరిగా ఫోన్ పట్టుకుని తిరిగే కొత్తోడికి ఎవరున్నారు?

అక్క: ఐనేచురలిస్ట్ ఉంది, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ ఉంది. ఫోటో పెడితే పేరు చెప్పేవాళ్ళు అక్కడున్నారు.

తమ్ముడు: లాటిన్‌లో చెప్తారు.

అక్క: చెప్పనీ. ఆ పేరు పట్టుకుని వెతికితే తిండి, కాలం, శత్రువు అన్నీ బయటికొస్తాయి. మన బడిలో రాసేది కన్నడంలో, ఇంట్లో మాట్లాడేది తెలుగులో. పిల్లలకి ఇంకో భాష ఎక్కువైపోదు.

తమ్ముడు: కంబళిపురుగు మాట ఎత్తావు కాబట్టి అడుగుతున్నా. దాని వెంట్రుకల మీద పొద్దుటెండ పడితే ఎర్రగా, బంగారంలా మెరుస్తుందని నీ పిల్లోడొకడు ఫోటో కింద రాశాడు. మన నాయన చూసింది వేరే. మొదటి పెద్దవాన పడ్డ రాత్రే నేలలోనుంచి తెల్లరెక్కల పురుగులు లేచేవి. చేల గట్ల మీద మంటలు పెట్టేవాళ్ళు, వాటిలో పడి చావాలని. తప్పించుకున్నవి ఆకుల అడుగున గుడ్లు పెడితే, మొలిచిన చెనక్కాయ మీద పిల్లలు దండులాగా పడేవి. ఒక చేను నాకి ఇంకో చేలోకి నడిచేవి. అడ్డంగా కాలువ తవ్వినా ఆగేవి కావు. వాన పడక పోయిన పంట ఒకెత్తు, వాన పడితే దానితో లేచొచ్చి తిన్న పంట ఇంకొకెత్తు. దాన్ని బంగారం అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నల్లటి మసక ముందు పురుగును కూర్చోబెట్టి, అది తిన్న చేనును ఫ్రేములోనుంచి తోసేస్తే అది నిజమైన ఫోటో ఎట్ల అవుతుంది?

అక్క: ఆ కోపం న్యాయమైందే. కానీ అది బాగుందని పిల్లోడు అనడం అబద్ధం కాదు కదా. పురుగు బాగుంది, పంట పోయింది. రెండూ నిజమే. మెరుస్తోందని రాసినోడికి నాయన కథ చెప్పు, కిందనే అదీ రాస్తాడు. ఇంకో సంగతి విను. ఫోటో తీయగానే తేదీ, గంట ఫోన్‌లో పడిపోతాయి. తెల్లరెక్కల పురుగు ఏ వాన తర్వాత ఏ రాత్రి లేచిందో పిల్లలు ఏటా తీసి పెట్టారనుకో, మన ఊరికంటూ ఒక లెక్క తయారవుతుంది.

తమ్ముడు: రోహిణి పోయి మృగశిర వచ్చిందంటే ఏది లేస్తుందో చెప్పడానికి ఫోటో కావాలా? కార్తె తప్పిందని రైతుకి తెలియదా?

అక్క: రైతుకి తెలుసు. ఆఫీసులో నమ్మరు.

తమ్ముడు: అది మాత్రం నిజం. ఇప్పుడు ఆఫీసులో దేనికైనా ఫోటోనే. 2020లో మన కర్ణాటక సర్కారు పంట సర్వేకి యాప్ తెచ్చింది, రైతే తన చేలో నిలబడి ఫోటో తీసి పంపమని. కానీ చూడు, ఆ యాప్ పురుగు కన్ను అడగలేదు. నీ సర్వే నంబరు హద్దు లోపల నిలబడ్డావా లేదా, పంట కనపడుతోందా లేదా, అంతే. పేదోడికి పనికొచ్చే ఫోటో అదక్కా. ఊరున్న ఫోటో. అందుకే నేను కొత్తోళ్ళకి చెప్పేది ఒకటే: ముందు రెండడుగులు వెనక్కి జరిగి తీయి. చేను, గట్టు, మొక్క పడాలి. తర్వాత కావాలంటే దగ్గరికి పో.

అక్క: నేను తిరగేసి చెప్తా. ముందు దగ్గరికి పో, తర్వాత వెనక్కి రా. దూరంనుంచి ఏం చూడాలో దగ్గరికి పోయొచ్చినవాడికే తెలుస్తుంది. చెనక్కాయ పువ్వునే తీసుకో. పొద్దున్నే విచ్చుకుంటుంది. పసుపు రేకు మీద సన్నటి ఎర్ర గీతలుంటాయి, నిలబడి చూసేవాడికి అవి కనపడవు. ఎండెక్కితే వాడిపోతుంది. అక్కడితో దాని కథ అయిపోయిందనుకుంటారు. వారం తిరక్కుండా ఆ పువ్వు ఉన్నచోటినుంచే ఊడ బయలుదేరుతుంది. కొన ఊదారంగు తిరిగి ఉంటుంది, ముల్లంత మొన. అది వెలుతురు వైపు పోదు, నేల వైపు దిగుతుంది. మన్ను గట్టిపడి ఉంటే కొన వంగిపోతుంది, పదునుంటే లోపలికి దూరుతుంది. దూరాకే కాయ. మొన మన్నును తాకేచోట ఒక్క ఫోటో తీసి చూపించు, ఊడలు దిగే వేళకి వాన ఎందుకు కావాలో చెప్పకుండానే తెలుస్తుంది. నీ యాప్ ఫోటోలో పంట పచ్చగా ఉంటుంది, ఊడలు గాలిలో వేలాడుతుంటాయి. పచ్చగా ఉంది కాబట్టి పంట బాగుందని రాసుకుంటారు.

తమ్ముడు: అది... సరే. ఊడ ఫోటోకి నేను అడ్డం రాను. ఎందుకంటే అందులో మన్ను ఉంది.

అక్క: చూశావా, దగ్గరి ఫోటోలోనూ ఊరు ఉంటుంది. వెతకాలి, అంతే.

తమ్ముడు: వెతకాలి అనేది నా మాట. తీయాలి అనేది నీ మాట.

అక్క: సోలార్ పలకల సంగతి కూడా విను. హంగరీలో గాబోర్ హోర్వాత్ అనే ఆయన బృందం 2010లో ఒకటి బయటపెట్టింది. నీళ్ళలో పుట్టి, రెక్కలొచ్చాక ఒక్కపూట బతికే పురుగులుంటాయి కదా, పలకల మీదినుంచి తిరిగొచ్చే వెలుతురును చూసి అవి నీళ్ళనుకుంటాయి. వచ్చి అద్దం మీద గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు మాడిపోతాయి. పలకల మీద సన్నటి తెల్లగీతలు గళ్ళు గళ్ళుగా గీస్తే ఆ మోసం తగ్గుతుందని కూడా వాళ్ళే చూపించారు. 13,000 ఎకరాల అద్దం పక్కన కాపురం ఉన్నాం. వాన పడ్డ మర్నాడు ఆ అద్దం మీద ఏం వాలిందో చూడాల్సింది ఎవరు? డ్రోనా?

తమ్ముడు: కంచె లోపలికి నిన్ను ఎవరు రానిస్తారు?

అక్క: అడగాలి. అడగడానికి చేతిలో ఒక ఫోటో ఉండాలి.

తమ్ముడు: ఒక మెట్టు దిగుతున్నా. దగ్గరికి పోవడం తప్పనను. కానీ ఇంకో భయం ఉంది. ఆరుద్ర కార్తెలో తొలకరి పడ్డాక ఎర్ర మఖమల్ తొడుక్కున్నట్టు నేల మీద నడిచే పురుగు ఉంది కదా. నీ పిల్లలు దాని వెంట పడ్డారు. ఏడాదిలో కొద్దిరోజులే పైకొస్తుంది, మళ్ళీ నేలలోకి పోతుంది. ఎనిమిది కాళ్ళు దానికి, సాలీడుకి చుట్టం. దాన్ని ఏరి నూనె తీసి మందని అమ్మేవాళ్ళు ఉన్నారు. ఫోటో కింద ఊరి పేరు, చేను గుర్తు పెడితే ఏమవుతుంది? గుత్తి సాలీడుకి ఏమయింది? 1899లో పోకాక్ అనే ఆయన దానికి శాస్త్రం పేరు పెట్టాడు. మన పక్క గుత్తి స్టేషన్ కట్టెల అడితిలో దొరికిన సాలీడు అది, ఒళ్ళంతా నీలం. ఆ తర్వాత వందేళ్ళు ఎవరికీ కనపడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ కనపడింది. ఆ నీలం చూసి మోజుపడి, ఇళ్ళల్లో సాలీళ్ళు పెంచుకునే విదేశాలోళ్ళు దాన్ని కొనడం మొదలుపెట్టారు. ఇప్పుడది అంతరించిపోయే అంచున ఉన్న జంతువుల జాబితాలో ఉంది. అడవి పోవడం ఒక కారణం, అందం ఇంకో కారణం.

అక్క: ఆగు. ఇందాకటినుంచి ఊరు లేని ఫోటో దండగ అన్నావు. ఇప్పుడు ఊరి పేరు పెట్టొద్దంటున్నావు. ఏదో ఒకటి తేల్చు.

తమ్ముడు: ఊరు కనపడాలన్నా. ఇంటి అడ్రస్ ఇమ్మనలేదు.

అక్క: మన్నూ, మొక్కా కనపడితే తెలిసినోడికి అదే అడ్రస్. పైగా స్థలం లేని ఫోటో శాస్త్రానికి ఎందుకూ పనికిరాదు. ఏ తేదీన, యాడ, అన్నవి రెండూ ఉంటేనే అది రికార్డు. లేకపోతే నువ్వు తిట్టిన ఈగ కన్నే.

తమ్ముడు: అట్లయితే నీ దగ్గర దారేముంది?

అక్క: ఐనేచురలిస్ట్‌లో స్థలం దాచమని పెట్టొచ్చు. అప్పుడు పటం మీద గుర్తు సరిగ్గా మన చేలో పడదు. సుమారు 20 కిలోమీటర్ల చదరంలో ఎక్కడో ఒకచోట పడుతుంది.

తమ్ముడు: ఇరవై కిలోమీటర్లా! మన తాలూకాకి మూడు దిక్కులా ఆంధ్రానే. మన ఆరుద్ర పురుగు పోయి రొద్దంలోనో రామగిరిలోనో తేలుతుంది.

అక్క: తేలనీ. దాని చుట్టాలూ అక్కడే ఉన్నారు, మన చుట్టాలూ అక్కడే ఉన్నారు.

తమ్ముడు: ఊరు కావాలంటే పక్క రాష్ట్రం ఊరు తెచ్చిపెట్టావు.

అక్క: అడ్రస్ వద్దన్నది నువ్వే.

తమ్ముడు: వద్దన్నా. తప్పు అడ్రస్ ఇమ్మన్నానా?